సీసం సోకితే తెగే పోగు

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో యీ లూ, జింగ్ లీ అనే రసాయన శాస్త్రవేత్తలు 2000లో నీటిలో సీసాన్ని పట్టే ఒక పరీక్షను ప్రకటించారు. అందులో యంత్రం అనదగ్గది పెద్దగా ఏమీ లేదు. చిన్న గొట్టంలో కొద్దిగా ద్రావణం, ఆ ద్రావణంలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న రెండు డీఎన్‌ఏ పోగులు. ఒక పోగు చివర వెలుగునిచ్చే అణువును, రెండో పోగు చివర ఆ వెలుగును మింగేసే అణువును అతికించారు. రెండూ పక్కపక్కన ఉన్నంతసేపూ చీకటే. సీసం ఉన్న నీళ్లు కలిపితే మొదటి పోగు సరిగ్గా ఒకచోట తెగుతుంది. తెగిన ముక్క పట్టు వదిలి దూరంగా పోయి వెలుగుతుంది. ఎంత సీసం ఉంటే అంత తొందరగా వెలుగు పెరుగుతుంది. కాల్షియం, మెగ్నీషియం లాంటివి అదే మోతాదులో కలిపితే ఆ పోగు ఉలకదు, పలకదు.

నీటిలో సీసం ఉందో లేదో చెప్పడం మాటలు కాదు. దానికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు, అంటే వంద కోట్ల పాళ్ల నీటిలో 10 పాళ్లు. అదే నీటిలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం దానికి వేల రెట్లు ఉంటాయి. ఆ జనసందోహంలో ఒక్క సీసం అయాన్‌ను పేరు పెట్టి పిలవగలగాలి. ప్రయోగశాలలో ఈ పని చేసే ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రం నీటి చుక్కను కొన్ని వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి చిమ్మి, అందులో ఉన్న సమస్తాన్నీ పరమాణువులుగా విడగొట్టి, బరువును బట్టి లెక్కపెడుతుంది. దాని నైపుణ్యం గురించి వంక పెట్టడానికేమీ లేదు. కానీ దానికి ఏసీ గది కావాలి, ఆర్గాన్ సిలిండర్లు కావాలి, చేయి తిరిగిన మనిషి కావాలి. నీళ్లే దాని దగ్గరికి పోవాలి తప్ప అది నీళ్ల దగ్గరికి రాదు.

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణంలో 2014 ఏప్రిల్‌లో తాగునీటిని ఫ్లింట్ నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. పైపులను నీళ్లు తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత సీసపు గొట్టాల్లోంచి సీసం నీళ్లలోకి దిగింది. అక్కడ బయటపడ్డ విషయం ఏమిటంటే, ఒక ఇంటి కుళాయిలో ఉన్నంత సీసం పక్కింటి కుళాయిలో ఉండకపోవచ్చు. ఊరికొక నమూనా తీసి పంపితే సరిపోయే వ్యవహారం కాదు, కుళాయి కుళాయికీ చూడాలి. లూ బృందం చేసింది అలాంటి చోటికి పనికొచ్చే వస్తువు. పనికొస్తుందన్నది ఒక ఎత్తు. దాన్ని అమర్చిన తీరు నన్ను అంతకన్నా ఎక్కువగా కట్టిపడేసింది.

మొదట ఒక అనుమానం తీర్చుకోవాలి. డీఎన్‌ఏ కోయడమేమిటి? మనకు తెలిసిన డీఎన్‌ఏ జన్యు సమాచారాన్ని దాచిపెట్టే జంట పోగు. జీవకణంలో కోతలు, అతుకులు, మార్పిళ్లు అన్నీ ఎక్కువగా ప్రోటీన్ల పని. ఆర్‌ఎన్‌ఏ కూడా ఆ పని చేయగలదని చూపినందుకు థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ వచ్చింది. డీఎన్‌ఏకి మాత్రం ప్రకృతిలో అలాంటి ఉద్యోగం ఎక్కడా కనబడలేదు. ఆ ఉద్యోగం మనుషులే ఇచ్చారు. 1994లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో రొనాల్డ్ బ్రేకర్, జెరాల్డ్ జాయిస్ సీసం తోడుంటే ఆర్‌ఎన్‌ఏ బంధాన్ని కోసే డీఎన్‌ఏ పోగును తయారుచేశారు. తయారుచేశారనడం కూడా పూర్తిగా సరికాదు. వాళ్లు చేసింది ఒక పరీక్ష పెట్టడం, అందులో నెగ్గినవాటిని ఏరుకోవడం.

ఆ పరీక్ష ఎలా పెట్టారో కాస్త దగ్గరికి జరిగి చూడాలి. డీఎన్‌ఏ భాషకు నాలుగే అక్షరాలు. యాభై అక్షరాల పొడవున ఎలా పడితే అలా రాసిన పోగులను యంత్రం మీద తయారుచేయించారు. యాభై అక్షరాల్లో సాధ్యమైన కూర్పులన్నీ లెక్కేస్తే 1 పక్కన 30 సున్నాలు వస్తాయి. గొట్టంలో పట్టేది కోటి కోట్ల లెక్కలో ఉండే అణువులు మాత్రమే, అంటే వెతకాల్సిన రాశిలో లెక్కకు రానంత పిసరు. ప్రతి పోగులోనూ ఒకచోట, ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ అక్షరాన్ని పొదిగారు. ఆర్‌ఎన్‌ఏ అక్షరానికి డీఎన్‌ఏకి లేని ఒక హైడ్రాక్సిల్ గుంపు అదనంగా ఉంటుంది. అది పక్కనే ఉన్న ఫాస్ఫేట్ మీద తిరగబడితే బంధం తెగిపోతుంది. అందుకే ఆ ఒక్క అతుకు, మిగతా డీఎన్‌ఏ అతుకులతో పోలిస్తే దాదాపు లక్ష రెట్లు బలహీనం. తెగాల్సిన చోటును ముందే బలహీనం చేసి పెట్టారన్నమాట. పని చేతకాని అణువులకు కూడా కాస్త ఆశ కల్పించిన తీరు ఇది.

తర్వాత ప్రతి పోగు చివరా బయోటిన్ అనే విటమిన్ తగిలించి, దాన్ని వదలకుండా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ ఉన్న గొట్టంలో పోశారు. పోగులన్నీ గోడకు అతుక్కున్నాయి. మీద సీసం ద్రావణం పోశారు. ఏ పోగు తనను తాను ఆ బలహీనమైన చోట కోసుకోగలిగిందో, దాని కొన మాత్రమే గోడకు మిగిలి, మిగతాది కిందికి జారింది. జారినవాటిని పట్టి, పీసీఆర్ అనే నకళ్లు తీసే పద్ధతితో పెంచి, మళ్లీ ఆర్‌ఎన్‌ఏ అక్షరం, బయోటిన్ పెట్టి, మళ్లీ అదే పరీక్ష. గడువు తగ్గిస్తూ పోయారు, నిదానంగా కోసేవి వెనకబడ్డాయి. ఐదు దఫాలకే గొట్టంలో మిగిలినవి సీసం చూడగానే తెగుతున్నాయి.

సీసాన్నే ఎంచుకోవడంలోనూ ఆలోచన ఉంది. కణాల్లో ప్రోటీన్ తయారీకి తోడ్పడే టీఆర్‌ఎన్‌ఏని సీసం ఒక నిర్దిష్టమైన చోట కోస్తుందని అప్పటికే తెలుసు. కాబట్టి ఈ పనికి సీసం అనుకూలమైన లోహం. విషం అని మనం భయపడే లోహమే ఇక్కడ పనిముట్టుకు పదును అయింది. అప్పటికి వాళ్ల మనసులో నీటి పరీక్ష ఏమీ లేదు. డీఎన్‌ఏ ఎంజైమ్ కాగలదా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు వెతికారు.

ఈ తరహా ఎంజైమ్ డీఎన్‌ఏలకు డీఎన్‌ఏజైమ్‌లని పేరు. వాటిలో బాగా ప్రసిద్ధికెక్కినది 8-17. 1997లో స్టీఫెన్ సాంటోరో, జాయిస్ ప్రకటించారు. ఎనిమిదో దఫాలో పదిహేడో నమూనా కాబట్టి ఆ పేరు, అంతకుమించి మర్మం లేదు. దాని కత్తి భాగం పదిహేను అక్షరాలే: మూడు జతల చిన్న కాడ, దాని తలమీద మూడు అక్షరాల వంపు, పక్కన జత కలవని నాలుగైదు అక్షరాలు. రెండు వైపులా ఉన్న చేతులు కోయాల్సిన పోగును మామూలు డీఎన్‌ఏ జతకట్టే పద్ధతిలోనే పట్టుకుంటాయి. చేతుల అక్షరాలు మనిష్టం, ఏం కావాలంటే అది రాసుకోవచ్చు. నడుమనున్న పదిహేనులో మాత్రం కొన్నిటిని అసలు ముట్టుకోవడానికి వీల్లేదు. పని చేసే చోట ఇంత పొదుపు, పట్టుకునే చోట అంత స్వేచ్ఛ. ఈ విభజన వల్లే తర్వాత వచ్చిన అమరికలన్నీ సాధ్యమయ్యాయి.

ఇంకో విచిత్రం ఉంది. ఈ 8-17ను కనిపెట్టినవాళ్లు ఒక్కరు కాదు. వేర్వేరు ప్రయోగశాలల్లో, వేర్వేరు లోహాలతో, వేర్వేరు ఉద్దేశాలతో ఏరివేత మొదలుపెట్టినవాళ్లకు కూడా మళ్లీ మళ్లీ ఇదే కూర్పు దొరికింది. పొట్టిది కావడమే కారణం. ఎలా పడితే అలా రాసిన అక్షరాల్లో పదిహేను అక్షరాల కూర్పు తటస్థపడే అవకాశం నలభై అక్షరాల కూర్పుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. లూ బృందం జింకు కోసం వెతుకుతూ దొరకబుచ్చుకున్న 17ఈ అనే డీఎన్‌ఏజైమ్ కూడా ఈ కుటుంబానిదే. జింకుతో బాగానే కోసింది. సీసంతో పెట్టి చూస్తే జింకుకన్నా ఎన్నో రెట్లు చురుగ్గా కోసింది! జింకు కోసం వల వేస్తే సీసం పట్టేది పడింది. ఆ సంగతి గమనించి దాన్ని సీసం పరీక్షగా మలిచిందే మనం మొదట చూసిన 2000 నాటి గొట్టం. 10 నానోమోలార్ల నుంచి 4 మైక్రోమోలార్ల దాకా కొలిచింది, ఇతర లోహాలకన్నా 80 రెట్లకు పైగా సీసాన్నే కోరుకుంది. మన ప్రమాణం చెప్పే 10 పాళ్లు సుమారు 48 నానోమోలార్లు కాబట్టి, హద్దుకు కింద ఉన్నదాన్ని కూడా చూడగలిగిందన్నమాట.

కాగితం మీద ఇంతే కథ. నాకు ఎక్కువ ముచ్చట గొలిపింది ఆ తర్వాతి మరమ్మతు పని. ఆ మొదటి గొట్టాన్ని గది వేడిమిలో పెడితే సీసం లేకుండానే మసకగా వెలిగేది. ఎందుకంటే ఏ రెండు డీఎన్‌ఏ పోగులూ నూటికి నూరుపాళ్లు జతకట్టి ఉండవు, ఎప్పుడూ కొన్ని విడివిడిగా తిరుగుతుంటాయి. అలా తిరిగే పోగు చివర వెలుగు అణువు ఉంటే, మింగే అణువు దూరంగా ఉంటుంది కాబట్టి, అది తెగకపోయినా వెలుగుతుంది. అబద్ధపు వెలుగు. మొదట్లో దీన్ని 4 డిగ్రీల చలిలో పెట్టి అణిచారు. ఫ్రిజ్‌లో పెడితేనే నిజం చెప్పే పరీక్షను పొలం గట్టుకు ఎలా తీసుకుపోతాం?

2003లో జువెన్ లియూ, లూ కలిసి ఇచ్చిన పరిష్కారం చూడండి. వెలుగును మింగే అణువును రెండుచోట్ల పెట్టారు. ఒకటి పాతచోటే, కోసే పోగు చివర. రెండోది తెగాల్సిన పోగుకే అవతలి కొసన. ఇప్పుడు తెగని పోగు ఒంటరిగా తిరిగినా తన రెండు కొసలూ మెలికపడి దగ్గరగానే ఉంటాయి, కాబట్టి చీకటిగానే ఉంటుంది. జతకట్టి ఉన్నప్పుడు పోగు నిటారుగా సాగి దాని రెండు కొసలూ దూరమైనా, పక్కనున్న మొదటి అణువు ఆ వెలుగును మింగేస్తుంది. తెగితే మాత్రం వెలుగు ఒక ముక్కతో, దాన్ని మింగేది ఇంకో ముక్కతో పోతాయి. మూడు స్థితుల్లో తెగినప్పుడు మాత్రమే వెలగాలన్న షరతును ఒక్క అణువు అదనంగా పెట్టి సాధించారు. ఇంత తక్కువ సామానుతో ఇంత కచ్చితంగా సమస్యను మూసేసిన పనులు చాలా లేవు.

వేడి సంగతి అంతటితో తీరలేదు. చలిలో తెగిన ముక్క కూడా పట్టు వదలక కూర్చుంటుంది, వెలుగు రాదు. వేడిలో తెగనిదీ విడిపోతుంది. అంటే ఉదయం కొలిస్తే ఒక లెక్క, మధ్యాహ్నం కొలిస్తే ఇంకో లెక్క. 2009లో లూ బృందం దీనికి చేసిన మందు వినడానికి తలకిందులుగా ఉంటుంది. కోసే పోగు చేతుల్లో కొన్ని అక్షరాలను కావాలనే జత కుదరకుండా రాశారు. పట్టు సడలించడమే విరుగుడు. దాంతో 4 నుంచి 30 డిగ్రీల మధ్య ఎక్కడ కొలిచినా లెక్క ఒకే తీరున వచ్చింది. రెంటచింతల మే నెల ఎండకు 30 డిగ్రీల పరిధి ఏమూలకూ చాలదనుకోండి. ఇల్లినాయ్ మంచుకు సరిపోయిన కొలత మన పల్నాడుకు సరిపోవాలంటే చేతుల అక్షరాలు మళ్లీ రాసుకోవాలి. అదృష్టవశాత్తూ మార్చడానికి వీలున్నది ఆ చేతులనే.

వెలుగును కొలవడానికి మళ్లీ ఒక పరికరం కావాలి కదా, కంటితోనే చూడలేమా అని ఇంకో దారిలో వెళ్లారు. దానికి బంగారం వాడారు. నానోమీటర్ల సైజులో ఉన్న బంగారు రేణువులు విడివిడిగా నీటిలో ఉంటే ద్రావణం ఎర్రగా ఉంటుంది, గుంపుకడితే నీలంగా మారుతుంది. రేణువుల మీద డీఎన్‌ఏ పోగులు మొలిపించి వాటితో గుంపుకట్టించే పద్ధతిని 1996లో చాడ్ మిర్కిన్ బృందం చూపించింది. లియూ, లూ 2003లో ఆ రేణువులను 8-17 కుటుంబపు పోగులతో కట్టిపడేశారు. తెగాల్సిన పోగే రేణువులను కలిపే తాడు. సీసం లేకపోతే గుంపు, నీలం. సీసం ఉంటే తాడు తెగి రేణువులు విడిగా, ఎరుపు. మీటర్లు, అంకెలు, కరెంటు ఏవీ లేవు.

ఈ బంగారం పరీక్షలో నాకు అన్నిటికన్నా నచ్చిన యుక్తి వేరే ఉంది. ఎంత సీసానికి రంగు మారాలో మనం ఎంచుకోవచ్చు. కోసే పోగులో ఒక్క అక్షరం మార్చి, పట్టుకుంటుంది గానీ కోయలేని నకలును తయారుచేశారు. అసలును, నకలును కలిపి వాడతారు. అసలు పాలు ఎక్కువుంటే కొద్ది సీసానికే రంగు మారుతుంది. నకలు ఎక్కువ కలిపే కొద్దీ రంగు మారడానికి కావాల్సిన సీసం పెరుగుతుంది. ఇలా 0.1 నుంచి 200 మైక్రోమోలార్ల దాకా హద్దును ఎక్కడ కావాలంటే అక్కడికి జరిపారు. కొద్దిపాటి సీసానికి ఒక హద్దు, గోడల మీది పాత రంగులో ఉండే సీసానికి ఇంకో హద్దు. పనిముట్టు అదే, పాళ్లు మాత్రమే మారాయి. కంటికి నీలానికీ ఎరుపుకూ తేడా తెలుస్తుంది గానీ, కొంచెం ఎరుపుకూ ఇంకొంచెం ఎరుపుకూ తెలియదు. కాబట్టి కంటిని అంకె అడగకుండా, దాటిందా లేదా అని మాత్రమే అడిగేలా పరీక్షను మలిచారు. వాడే మనిషి కంటికి ఉన్న పరిమితిని కూడా లెక్కలోకి తీసుకున్న పని ఇది. మొదట దీన్ని వేడిచేసి నెమ్మదిగా చల్లార్చాల్సి వచ్చేది. మరుసటి ఏడాదే రేణువులను కలిపే దిశ మార్చి, పెద్ద రేణువులు వాడి, గది వేడిమిలోనే పది నిమిషాల లోపు రంగు తేలేలా చేశారు.

పాదరసం కథ వేరు. అక్కడ కోత లేదు, ఏరివేత లేదు. డీఎన్‌ఏ అక్షరాల్లో థైమిన్‌కు థైమిన్‌తో జత కుదరదు. వాటి మధ్యకు పాదరసం అయాన్ వస్తే మాత్రం రెండు థైమిన్‌ల నుంచీ ఒక్కో ప్రోటాన్‌ను తోసేసి, ఆ ఖాళీల్లో తానే రెండు వైపులా బంధం వేసుకుని తిన్నగా నిలబడుతుంది. జపాన్‌లో అకిరా ఓనో, హుమికా తొగాషి 2004లో దీన్ని పరీక్షగా మార్చారు. థైమిన్‌లు దండిగా ఉన్న ఒక్క పోగు, రెండు కొసల్లో వెలుగు అణువు, మింగే అణువు. పాదరసం రాగానే పోగు మడతపడి కొసలు కలుస్తాయి, వెలుగు ఆరిపోతుంది. రసాయనంగా ఇంతకన్నా అందమైనది లేదంటాను. పనిముట్టుగా మాత్రం సీసం పరీక్షకు ఒక మెట్టు కిందే. వెలుగు ఆరడానికి పాదరసం ఒక్కటే కారణం కానక్కర్లేదు. నీళ్లలో మురికి ఉన్నా, రంగు ఉన్నా, అణువు చెడిపోయినా ఆరుతుంది. చీకట్లోంచి వెలుగు పుట్టడాన్ని నమ్మినంతగా వెలుగు ఆరిపోవడాన్ని నమ్మలేం. తర్వాత వచ్చినవాళ్లు చాలామంది ఇదే థైమిన్ జతను వాడుకుంటూ వెలుగు పెరిగేలా తిప్పి కట్టడానికి ఎందుకు తంటాలు పడ్డారో దీన్నిబట్టి తెలుస్తుంది. వెండికి కూడా ఇలాంటి జతే ఉంది, అది రెండు సైటోసిన్‌ల మధ్య నిలుస్తుంది.

యురేనియం దగ్గరికి వచ్చేసరికి ఏరివేత పద్ధతి తన సత్తా చూపించింది. నీటిలో యురేనియం ఒంటరి అయాన్‌గా ఉండదు, అటో ఆక్సిజన్, ఇటో ఆక్సిజన్ పెట్టుకుని యురేనిల్‌గా ఉంటుంది. ఆ ఆకారాన్ని గుర్తుపట్టే ప్రోటీన్ దొరకడం కష్టం, కూర్చుని గీసుకోవడం ఇంకా కష్టం. ఏరివేతకు ఈ బాధ లేదు, యురేనిల్ పోసి పరీక్ష పెట్టడమే. ఇతర లోహాలతోనూ తెగే పోగులను ముందే పారేసే దఫాలు మధ్యలో పెట్టే యుక్తి కూడా అప్పటికే చేతిలో ఉంది. దొరికిన పోగు పేరు 39ఈ. 2007లో దానితో చేసిన వెలుగు పరీక్ష 45 పికోమోలార్ల దాకా, అంటే లక్ష కోట్ల పాళ్లలో 11 పాళ్లను కూడా చూసింది. ఇతర లోహాలకన్నా పది లక్షల రెట్లకు పైగా యురేనిల్‌నే ఎంచుకుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మార్గదర్శక హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. దానితో పోలిస్తే ఈ పరీక్ష చూపు వేల రెట్లు సూక్ష్మం.

ఆ చూపును పల్లెకు చేర్చిన తీరులో మాత్రం ఎవరికైనా నవ్వొస్తుంది, మెచ్చుకోలుతో వచ్చే నవ్వు. 2011లో యూ షియాంగ్, లూ ఆ 39ఈని షుగర్ చూసుకునే మిషన్‌కు జోడించారు. అయస్కాంతపు రేణువులకు డీఎన్‌ఏ పోగులు కట్టి, ఆ పోగుల రెండో కొసకు ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ తగిలించారు. యురేనియం ఉంటే పోగు తెగి ఎంజైమ్ నీళ్లలోకి వస్తుంది. అయస్కాంతం పెట్టి తెగనివాటిని పక్కకు లాగేస్తారు. మిగిలిన నీళ్లలో మామూలు పంచదార కలుపుతారు. షుగర్ మిషన్ పంచదారను గుర్తించదు, గ్లూకోజ్‌నే గుర్తిస్తుంది. ఇన్వర్టేజ్ పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. మిషన్‌లో కనిపించే అంకె పెరిగిందంటే నీళ్లలో యురేనియం ఉందన్నమాట. 9.1 నానోమోలార్ల దాకా పట్టింది, తాగునీటి హద్దుకు అది బాగా కింద. ఒక్కో తెగిన పోగుకూ ఒక్కో ఎంజైమ్ విడుదలైనా, ఆ ఒక్క ఎంజైమ్ ఎన్నో పంచదార అణువులను విరుస్తూనే పోతుంది కాబట్టి సంకేతం తనంతట తాను పెద్దదవుతుంది. కొత్త పరికరం కనిపెట్టే ఖర్చు లేకుండా, మందుల షాపుల్లో కోట్లకొద్దీ అమ్ముడయ్యే వస్తువుకు కొత్త పని అప్పజెప్పారు.

ఇక్కడ కడప జిల్లా తుమ్మలపల్లె గుర్తుకు రాక మానదు. అక్కడి యురేనియం గని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా అంటున్నారు. అలాంటి చోట షుగర్ మిషన్ పట్టుకెళ్తే చాలనుకుంటే పొరపాటు. తుమ్మలపల్లె ఖనిజం నుంచి యురేనియాన్ని తీసేది ఆమ్లంతో కాదు, కార్బొనేట్ క్షారంతో. పైగా మన మెట్ట ప్రాంతాల భూగర్భ జలాల్లో బైకార్బొనేట్, కాల్షియం మామూలుగానే ఎక్కువ. యురేనిల్‌ను కార్బొనేట్ గట్టిగా పట్టుకుంటుంది, అలా పట్టుబడిన యురేనిల్ 39ఈకి దొరకదు. ఈ పోగు పనిచేసేది కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5.5 దగ్గర. కాబట్టి ముందు నీళ్లకు ఆమ్లం కలిపి కార్బొనేట్‌ను బొగ్గుపులుసు గాలిగా పంపేసి, తర్వాత పీహెచ్ సరిచేసి, అప్పుడు కొలవాలి. సీసానిదీ ఇదే తంతు. పైపు తుప్పు రేణువుల్లో, మట్టి కణాల్లో ఇరుక్కున్న సీసం డీఎన్‌ఏ దాకా రాదు. స్వేచ్ఛగా ఉన్న అయాన్‌నే ఈ పోగు చూస్తుంది, తాగేవాడి కడుపు మాత్రం రెండింటినీ చూస్తుంది. ప్రయోగశాలలో శుద్ధమైన నీటితో వచ్చిన అంకెలు ఇంట గెలవడం వరకే. రచ్చ గెలిచేది ఈ ఆమ్లం, వడపోత లాంటి చాకిరీ ముగిశాకే. లూ 2005లో స్థాపించిన ఆండలైజ్ అనే కంపెనీ చేతిలో పట్టే మీటరు, లోహానికొక సెన్సర్ చొప్పున అమ్మకానికి తెచ్చింది.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, మొదట రక్తపు నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలు చెప్పాయి. తర్వాత వేళ్లు పురుగుమందుల వైపు తిరిగాయి. డీఎన్‌ఏ సెన్సర్ ఉంటే ఆ గుట్టు విప్పేదని నేను అనను. పురుగుమందు దాని పరిధిలోది కాదు. కానీ కుళాయి నీళ్లలో సీసం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న ఆ వీధిలోనే, ఆ పూటే తేలి ఉండేది. ఒక అనుమానాన్ని తొందరగా కొట్టేయగలగడం కూడా తక్కువ ఉపకారం కాదు.

సీసం పోగు గురించి ఇంకో సంగతి మిగిలింది. 17ఈతో పదేళ్లు గడిచాక, 2010లో లూ బృందం 1994 నాటి బ్రేకర్, జాయిస్‌ల పాత పోగును, జీఆర్-5ని, బయటికి తీసి సెన్సర్‌గా మలిచింది. సీసాన్ని ఇతర లోహాల నుంచి వేరుచేయడంలో అది 17ఈకన్నా ఎంతో మిన్న అని తేలింది. జింకు మీద కూడా కొంత మోజున్న 17ఈని బాగుచేస్తూ అన్నేళ్లు గడపడం చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమే. అయినా ఆ కాలం వృథా అయిందని నాకనిపించదు. రెండు చోట్ల మింగే అణువులు, పట్టు సడలించిన చేతులు, నకలు పోగు, ఇవన్నీ 17ఈతోనే నేర్చుకున్నారు, ఏ పోగుకైనా పనికొచ్చాయి. 2017లో చైనా శాస్త్రవేత్తలు 8-17 స్ఫటికాన్ని ఎక్స్ కిరణాలతో చూసి, సీసం కూర్చునే గూడు ముందే అమరి ఉందని, సీసం వచ్చాక పోగు పెద్దగా కదలనక్కర్లేదని తేల్చారు. ఒక్కో అణువును విడిగా గమనించి లూ, టేక్‌జిప్ హా బృందాలు 2007లోనే ఆ మాట చెప్పాయి: జింకు, మెగ్నీషియం వస్తే పోగు ముందు ముడుచుకుని తర్వాత కోస్తుంది, సీసం వస్తే ముడుచుకోకుండానే కోస్తుంది. సీసంతో అంత వేగం ఎందుకో దీనితో తెలిసింది.

ఆర్సెనిక్ మాటేమిటని అడిగేవాళ్లుంటారు. నీటిలో అది ధన అయాన్‌గా ఉండదు, ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. డీఎన్‌ఏ వెన్నెముక పొడుగునా రుణావేశమే కాబట్టి అలాంటివాటితో దానికి చుట్టరికం లేదు. ఆర్సెనిక్‌ను పట్టుకునే డీఎన్‌ఏ అంటూ ఒకటి 2009లో వచ్చింది, దాని మీద ఎన్నో సెన్సర్లు కట్టారు. 2019లో జువెన్ లియూ, ఇప్పుడు కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఉన్నారు, తన ప్రయోగశాలలో దాన్ని ఓపిగ్గా పరీక్షించి అది ఆర్సెనిక్‌ను అసలు పట్టుకోదని ప్రకటించారు. బంగారు రేణువులతో చేసిన పరీక్షల్లో రంగు మార్చింది ఆర్సెనిక్ బంగారానికి అంటుకోవడమే, డీఎన్‌ఏ కాదు. సీసం గొట్టంలో అబద్ధపు వెలుగును వేటాడిన మనిషే పదహారేళ్ల తర్వాత ఈ అబద్ధపు రంగును కూడా పట్టుకున్నారు. నల్లగొండ ఫ్లోరైడ్‌కు సైతం ఇదే జవాబు: అదీ రుణ అయానే, ఈ పోగులకు చిక్కదు. దానికి జిర్కోనియం రంగు పరీక్ష ఎప్పటినుంచో ఉంది, చౌక కూడా.